రెండడుగుల మట్టిబాట ఏ శాఖ కిందికి వస్తుంది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ, పర్యాటక శాఖ, క్రీడా ప్రాధికార సంస్థ (శాప్), విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) అధికారులకు,



"కొండ మీద సైకిలేంటండీ? బీచ్ రోడ్డు ఉంది కదా!" విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో సైకిళ్లకు ఒక బాట కావాలని అడగబోతే ఒక ప్రభుత్వ కార్యాలయంలో వినిపించిన జవాబు ఇది. ఆ కార్యాలయం ఏదో, ఆ మాట అన్నది ఎవరో ఇక్కడ అనవసరం. ఆయన మర్యాదగానే అన్నారు, టీ కూడా ఇప్పించారు. నాకు మింగుడుపడనిది ఆ మాట వెనకున్న ధోరణి. సైకిలంటే చదునైన తారు మీద పోయేది. కొండంటే కారులో ఎక్కి, ఫొటో దిగి, మళ్లీ కారులో దిగిపోయేది. మీరు గీసే ప్రణాళికలు చూస్తే ఈ లెక్క ఒక్క మనిషిది కాదనిపిస్తోంది. అందుకే ఈ లేఖ నలుగురికీ కలిపి రాస్తున్నాను.

కైలాసగిరినే తీసుకోండి. పైకి పోవడానికి రోప్‌వే ఉంది, పైన చుట్టి రావడానికి బొమ్మరైలు ఉంది, ఇప్పుడు గాజు వంతెన కూడా వచ్చింది. వీటిలో దేనికీ నేను అడ్డు చెప్పను. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఆ రైలెక్కకుండా తిరిగొచ్చిన విశాఖవాళ్లు ఎంతమంది ఉంటారు? కానీ ఇన్ని హంగులకు చోటు దొరికిన ఆ కొండ మీద, వాలు కొలిచి, వాననీళ్లు ఎటు పోతాయో చూసుకుని, సైకిలు కోసమని వేసిన రెండడుగుల మట్టిబాట ఎక్కడుందో చూపించగలరా? కొద్ది దూరంలో రుషికొండను యంత్రాలతో తొలిచి భవనాలు కట్టారు. అప్పుడు వంగిపోయిన నిబంధనలు పలుగూ పారా పట్టుకుని వేసే బాట దగ్గరికి వచ్చేసరికి ఎందుకు నిటారుగా నిలబడుతున్నాయి?

శాప్ అధికారులను ఒక మాట అడగాలి. 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవారికి 7 కోట్ల రూపాయలు ఇస్తామన్నారు. సంతోషం. మౌంటెన్ బైకింగ్ 1996 అట్లాంటా క్రీడల నుంచి ఒలింపిక్ పోటీల్లో ఉంది. ఆ క్రాస్‌కంట్రీ పోటీకి వందల ఎకరాల మైదానం అక్కర్లేదు. సుమారు 4 నుంచి 6 కిలోమీటర్ల చుట్టు ఒకటి ఉంటే చాలు, దాన్నే పదేపదే తిరుగుతారు. ఎక్కుడు, దిగుడు, రాళ్లు, వేర్లు, ఇరుకు మలుపులు ఉండాలి. అవన్నీ తూర్పు కనుమలు మనకు ఉచితంగానే ఇచ్చాయి. హిమాచల్‌లో 2005 నుంచి ఎంటీబీ హిమాలయా పేరుతో రోజుల తరబడి సాగే పోటీ నడిపించారు. 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ ఛాంపియన్‌షిప్ కేరళలో తిరువనంతపురం దగ్గరి పొన్ముడిలో జరిగింది. పారిస్ ఒలింపిక్స్ అర్హతకు లెక్కలోకొచ్చే పోటీ అది. తిరువనంతపురం వాళ్లకున్న కొండ మనకు లేదా? పతకం తెస్తే 7 కోట్లు సరే, పద్నాలుగేళ్ల పిల్ల పొద్దున్నే లేచి సాధన చేసుకోవడానికి దారేది? ఆ పిల్ల నేడు అడవిలోకి సైకిలు తోసుకుంటూ వెళితే మీ పక్కనున్న శాఖ లెక్కలో అనుమతి లేకుండా చొరబడ్డట్టే కదా?

ఇక అటవీ శాఖవారి అభ్యంతరం. సైకిళ్లు తిరిగితే కొండ కోసుకుపోతుందని మీరంటారు. ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని నేనూ ఒప్పుకుంటాను. వాలు వెంటే, శిఖరం నుంచి పాదం దాకా నిలువునా దిగే దారి మీద చక్రం పడిందంటే మట్టి లేస్తుంది. బ్రేకు పట్టి జారిస్తే ఇంకా లేస్తుంది. అక్టోబరు తుపానుకు ఆ గాడిలో నీళ్లు దిగుతాయి, మరుసటి ఏడాదికి అది గెడ్డ అయిపోతుంది. కానీ ఆ నేరం చక్రానిది కాదు, దారిది. అదే దారిలో మనుషులు నడిచినా, మేకలు దిగినా జరిగేది అదే. 1994లో అమెరికాలోని మోంటానా కొండదారుల మీద విల్సన్, సెనీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతినే కొలిచి చూశారు. గుర్రాలు, నడిచేవాళ్లు కదిలించిన మట్టి కంటే సైకిలు చక్రం కదిలించిన మట్టి ఎక్కువేమీ కాదని తేల్చారు.

కాబట్టి అడగాల్సింది బాట ఎలా వేయాలన్న ప్రశ్న. ఇది ఊహాగానం కాదు, ఈపాటికి బాగా నలిగిన విద్య. బాట కొండకు అడ్డంగా, వాలును ఒరుసుకుంటూ పోవాలి. కొండవాలు 20 శాతం ఉందనుకోండి, దాని మీద వేసే బాట వాలు అందులో సగానికి, అంటే 10 శాతానికి మించకూడదు. మొత్తం మీద సగటు కూడా 10 శాతం లోపే ఉండాలి. తొక్కేవాళ్లకు హాయిగా ఉండాలంటే 5 శాతం చాలు. ఆ లెక్కన 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 2 కిలోమీటర్ల బాట పడుతుంది. అంటే చిన్న కొండ మీద కూడా ఒక పూటకు సరిపడా దారి దొరుకుతుంది. బాట ఉపరితలం లోయవైపు కొద్దిగా ఒరిగి ఉండాలి, అప్పుడు నీళ్లు బాట వెంట పారకుండా బాటను దాటి దిగిపోతాయి. దిగుడు బాట కొన్ని గజాలకొకసారి కాస్త ఎక్కి మళ్లీ దిగాలి. ఆ చిన్న ఎక్కుడు దగ్గర నీరు ఆగి పక్కకు జారుకుంటుంది. కాలువలు, తూములు, సిమెంటు ఏవీ అక్కర్లేదు. మన కొండల మీద ఉన్న ఖొండలైట్ రాయి ఎండకూ వానకూ పుచ్చి పొడిపొడిగా రాలుతుంది కాబట్టి, బాటను పోసిన మట్టి మీద కాకుండా కోసిన గట్టి నేల మీదే వేయాలి. వాన పడిన రెండు రోజులు గేటు మూసేయాలి. ఈ పనికి టెండరు పిలిచి, జేసీబీ పంపి, పది అడుగుల వెడల్పున కొండను చెక్కి, పేవర్ బ్లాకులు పరచి, రెండు వైపులా రంగులు వేసి ప్రారంభోత్సవం చేస్తారేమోనన్నదే అసలు భయం! దయచేసి ఆ ఉపకారం మాత్రం చేయకండి.

హైదరాబాద్‌లో బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేసి, పైన సౌర ఫలకాల కప్పు వేశారు. 2023లో తెరిచారు. ఎండలో తొక్కే ఉద్యోగికి అది మేలైన ఏర్పాటే. కానీ ఇప్పుడు ఎక్కడ సైకిలు మాటెత్తినా మన అధికారులకు ఆ నమూనా ఒక్కటే కళ్ల ముందు మెదులుతోంది. కొండ సైకిలుకు కప్పు వద్దు, తారు వద్దు, దీపాలు వద్దు. ఇంత తక్కువ అడిగే ఆట ఇంకొకటి ఉందా?

బాట లేకపోతే కొండ క్షేమంగా ఉంటుందన్న నమ్మకం మీకు ఎక్కడ నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. పాడేరు దగ్గర వంజంగిలో ఏమైందో మీరే చూశారు. మేఘాల ఫొటోలు ఫోన్లలో పాకేసరికి జనం తండోపతండాలుగా ఎక్కేశారు, చెత్త పోగుపడ్డాక ఏర్పాట్లు మొదలయ్యాయి. సింహాచలం కొండల వెనక, కంబాలకొండ అంచుల్లో కుర్రాళ్లు ఇప్పటికే సైకిళ్లు తొక్కుతున్నారు. మేకలదారి దొరికితే మేకలదారి, తుప్పలు నరికిన ఫైర్ లైన్ దొరికితే ఫైర్ లైన్. ఎక్కడ దిగుడు నిలువుగా ఉంటే అక్కడే వాళ్లకు సరదా. మంచి బాట ఒకటి చూపించకుండా వాళ్లను తరిమితే పక్క గుట్ట ఎక్కుతారు. అప్పుడు ఒక గాడికి బదులు పది గాడులు పడతాయి. మీ సిబ్బందికి ఆ కుర్రాళ్లు శత్రువులు కానక్కర్లేదు. వేసవిలో కొండ అంటుకుంటే మొదట పొగ చూసేది వాళ్లే. ఏ నంబరుకు ఫోను చేయాలో ఎవరైనా వాళ్లకు చెప్పారా?

చిరుతల సంగతి మీరు ఎత్తకముందే నేనెత్తుతాను. కంబాలకొండ 2002లో అభయారణ్యమైంది, 70 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది, అందులో చిరుతలున్నాయి. ఆ అడవి నడిబొడ్డున బాట వేయమని ఎవరూ అడగడం లేదు, అడిగినా ఇవ్వకండి. కానీ ప్రమాదం ఉన్నచోట ప్రభుత్వం ఏం చేయగలదో తిరుమల చూపించింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనపెట్టుకుంది. గుండె పగిలే ఘటన. అయినా నడకదారిని శాశ్వతంగా మూసేయలేదు. వేళలు పెట్టారు, పిల్లలను మధ్యాహ్నం తర్వాత పంపకుండా ఆపారు, భక్తులను గుంపులుగా నడిపించారు, చేతికి కర్రలిచ్చారు, బోన్లు పెట్టారు. భక్తుడికి వర్తించిన ఆలోచన సైకిలు తొక్కేవాడికి ఎందుకు వర్తించదు? ఆషాఢ పౌర్ణమికి ఇదే సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు లక్షల మంది వస్తారు. నీళ్లు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, ట్రాఫిక్ మళ్లింపు, అన్నీ మీరే చూస్తారు, బాగానే చూస్తారు. ఏడాదిలో ఒక రోజు అంతటి పని చేయగలిగిన యంత్రాంగం, మిగతా రోజుల్లో ఒక్క కొళాయి, ఒక్క మరుగుదొడ్డి ఉన్న సైకిలు బాటను నడపలేనంటే నమ్మమంటారా?

సింగపూర్ పేరు మన రాజధాని చర్చల్లో ఎన్నిసార్లు వినలేదు! ఆ సింగపూర్‌లోనే చెస్ట్‌నట్ నేచర్ పార్కు అని ఒకటుంది, 81 హెక్టార్లు. అందులో నడిచేవాళ్లకు వేరు బాటలు, మౌంటెన్ బైకులకు వేరు బాటలు. అది కేవలం వినోదం కోసం కట్టింది కాదు. మధ్యలో ఉన్న అసలు అభయారణ్యం మీద జనం ఒత్తిడి తగ్గించడానికి దాని అంచున రక్షణ పట్టీలా పెంచిన పార్కుల్లో ఒకటి. జనాన్ని అంచుల్లో ఆపితే నడిమి అడవి ఊపిరి తీసుకుంటుందన్నది అక్కడి లెక్క. రోడ్ల వెడల్పులు, నది ఒడ్డు భవనాల నమూనాలు తెచ్చుకున్నాం కదా, ఈ ఒక్క లెక్క ఎందుకు తెచ్చుకోలేదు?

ఏవి అడగడం లేదో కూడా చెప్పేస్తాను, లేకపోతే మా మీద మోపే మాటలు చాలా ఉంటాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద ఒక్క చక్రం కూడా పడకూడదు. వేల ఏళ్ల పాటు గాలీ సముద్రమూ పోసిన ఇసుక అది, ఒకసారి కోసుకుపోతే మళ్లీ రాదు. అక్కడ సైకిలు దింపినవాడికి జరిమానా వేస్తే ముందు చప్పట్లు కొట్టేది మేమే. తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాలూ అంతే. డాల్ఫిన్స్ నోస్ వైపు నౌకాదళం వారి స్థలం జోలికి పోము. మోటారు సైకిళ్లు, జీపులు ఈ బాటల మీదకు రాకూడదు, బ్యాటరీ బండ్లు కూడా. ఇవన్నీ తీసేసినా ఇంకా కొండ మిగులుతుంది.

చట్టం ఒప్పుకోదని అంటారా? అభయారణ్యంలోకి పర్యాటకం కోసం ప్రవేశానికి అనుమతి ఇచ్చే అధికారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఇచ్చింది. 1980 అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ, ఆమోదం పొందిన ప్రణాళికలో చేర్చిన పర్యావరణ పర్యాటక సౌకర్యాలకు వెసులుబాటు కల్పించింది. ఆ సవరణ మీద పర్యావరణవాదులు చేసిన విమర్శ సబబేనని నేననుకుంటాను. దాని చాటున రిసార్టులు దూరతాయన్న భయం నాకూ ఉంది. అయితే చట్టంలో తలుపు తెరిచే ఉన్నప్పుడు, అందులోంచి ముందు లోపలికి ఎవరు పోవాలి? కాంక్రీటు కుటీరాలా, మట్టిబాటా? మీ ప్రణాళికల్లో ఒక పేరా రాస్తే తేలిపోయే విషయం ఇది.

అసలు చిక్కు చట్టంలో కాదు, సరిహద్దుల్లో ఉంది. ఈ కొండల్లో కొంత అటవీ శాఖది, కొంత దేవస్థానానిది, కొంత వీఎంఆర్‌డీఏది. బాటకు ఈ గీతలు తెలియవు. ఒక గుట్ట ఎక్కి ఇంకో గుట్ట దిగేలోపు ఇద్దరు ముగ్గురు యజమానులు మారతారు. స్థలం వాళ్లదంటారు ఒకరు, ఆట వీళ్లదంటారు ఇంకొకరు, పర్యాటకం మాది కానీ అడవి మాది కాదంటారు మరొకరు. అందరూ నిజమే చెబుతారు. ఫైలు మాత్రం ఎవరి బల్ల మీదా ఉండదు.

విశాఖ దాటి ఏజెన్సీ వైపు చూస్తే ఇంకా బాధేస్తుంది. అనంతగిరి, అరకు, చింతపల్లి కొండల్లో అటవీ అభివృద్ధి సంస్థకు కాఫీ తోటలున్నాయి. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య, తోట పనికోసం వేసిన దారులు ఇప్పటికే ఉన్నాయి. కేరళలో వయనాడ్ జిల్లా మానంతవాడి దగ్గర ప్రియదర్శిని తేయాకు తోటలో అంతర్జాతీయ మౌంటెన్ బైక్ పోటీలు నడిపించారు. అది ఆదివాసీ కుటుంబాల పునరావాసం కోసం పెట్టిన తోట. మనకు కూడా మారేడుమిల్లిలో గిరిజనులే నడిపే పర్యావరణ పర్యాటకం అనుభవం ఉంది. గ్రామసభ ఒప్పుకున్నచోట, వాళ్లు పెట్టిన షరతుల మీద, కోత కాలం తప్పించి మిగతా నెలల్లో ఆ దారులు సైకిళ్లకు తెరిస్తే టికెట్టు డబ్బు ఆ ఊరికే పోతుంది. గైడు ఆ ఊరి కుర్రాడే అవుతాడు. పంక్చర్ వేసేదీ, భోజనం పెట్టేదీ ఆ ఊరివాళ్లే. గ్రామసభ వద్దంటే అక్కడితో సరి, బలవంతం లేదు. కానీ వాళ్లను అడిగింది ఎవరు?

ఇది డబ్బున్న ఐటీవాళ్ల సరదా అన్న మాట కూడా విన్నాను. గేర్ల సైకిలు ఖరీదు వేలల్లో, కొన్నిసార్లు లక్షల్లో ఉంటుందన్నది నిజమే. డబ్బున్నవాడికి బాట లేకపోయినా నష్టమేమీ లేదు, విమానమెక్కి మనాలి పోతాడు. బాట లేక నష్టపోయేది మధురవాడలో ఇంటర్ చదివే కుర్రాడు, సింహాచలం కొండ కింది అడవివరంలో పుట్టిన పిల్ల. ఒకప్పుడు 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఈ ప్రభుత్వమే సైకిళ్లు ఇచ్చింది. సైకిలిచ్చి తొక్కడానికి లారీల మధ్య హైవే చూపించాం. బాట మొదట్లో ఒక షెడ్డు, అందులో గంటకింత అద్దెకిచ్చే ఇరవై సైకిళ్లు, హెల్మెట్లు, గాలి పంపు, తాళం వేసుకునే ఆడవాళ్ల మరుగుదొడ్డి ఉంటే ఈ ఆట ఎవరి సరదా అవుతుందో మీరే చూద్దురుగాని. ఆ మరుగుదొడ్డి మాట ఊరికే కలపలేదు. ఉదయం ఐదింటికి ఇల్లు వదిలే అమ్మాయిలు ఈ ఆటకు వస్తారా రారా అన్నది సగం దాని మీదే ఆధారపడి ఉంది.

ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే బాధ్యత ఎవరిది? మీ బల్ల మీద ఏ ఫైలైనా ఆగేది ఈ ప్రశ్న దగ్గరేనని నాకు తెలుసు. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో మనుషులు మునిగిపోతున్నారు. అందుకని సముద్రానికి గేటు పెట్టలేదు. హెచ్చరిక బోర్డులు పెట్టారు, గజ ఈతగాళ్లను పెట్టారు. బాట మీదా అంతే. తేలిక, మధ్యస్థం, కఠినం అని మూడు రంగుల గుర్తులు. దిగుడుకు ఒకే దిశ. నడిచేవాళ్లు కలిసేచోట సైకిలే ఆగాలన్న నియమం. ప్రతి రెండు వందల మీటర్లకూ ఒక నంబరు రాయి నాటితే, పడినవాడు 108కి ఫోను చేసి "పద్నాలుగో రాయి దగ్గరున్నాను" అనగలడు. ఇప్పుడు పడితే ఏం చెప్పాలి, ఏ తుప్పల్లో ఉన్నానని చెప్పాలి? బాట లేకపోవడం వల్ల ప్రమాదాలు ఆగలేదు, మీ రికార్డుల్లోకి రావడం మాత్రమే ఆగింది.

కాలిఫోర్నియాలో మౌంట్ తమాల్‌పైస్ అనే కొండ ఉంది. 1970లలో కొందరు కుర్రాళ్లు పాత బరువైన సైకిళ్లు పైకి తోసుకెళ్లి మట్టిదారుల్లో కిందికి దూకించడంతో ఈ ఆట పుట్టింది అక్కడే. అక్కడి అధికారులు మొదట పట్టించుకోలేదు, తర్వాత నిషేధాలు, వేగ పరిమితులు తెచ్చారు. నడిచేవాళ్లకూ తొక్కేవాళ్లకూ మొదలైన తగువు దశాబ్దాలు సాగింది. మన దగ్గర తొక్కేవాళ్లు ఇంకా కొద్దిమందే. ఇప్పుడు నియమాలు పెడితే అందరూ వింటారు. వేలమంది అయ్యాక పెడితే ఎవరు వింటారు?

అడుగుతున్నది ఇది. కైలాసగిరి మీద గానీ, అభయారణ్యం హద్దుకు బయట ఇంకో గుట్ట మీద గానీ, ఒకే ఒక్క బాట, 5 కిలోమీటర్లకు మించకుండా. అది ఒక వానాకాలం చూడనివ్వండి. తుపాను వెళ్లాక మీ ఇంజనీరు, మీ రేంజర్, మాలో ఇద్దరు ముగ్గురు కలిసి నడిచి, ఎక్కడెక్కడ మట్టి కదిలిందో కొలుద్దాం. కోసుకుపోయి ఉంటే మూసేయండి, మేమే వచ్చి మట్టి పోసి మొక్కలు నాటుతాం. నిలబడితే రెండోది వేయండి. ఆదివారాలు పలుగూ పారా పట్టడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు, వాళ్లకు కావలసింది జీతం కాదు, ఆ పని చేస్తుండగా కేసు పెట్టరన్న ఒక కాగితం.

ఆ కాగితం మీద మీ నలుగురిలో ఎవరు సంతకం పెట్టాలో ముందు మీలో మీరు తేల్చుకుని, ఆ కార్యాలయం పేరు మాకు రాసి పంపండి. దరఖాస్తు ఆ మర్నాడే తెస్తాం.

ఇట్లు,
విశాఖపట్నంలో కొండ సైకిలు తొక్కే ఒక పౌరుడు